రిమార్కుల గడి

ఆరు వారాలు.
మున్సిపాలిటీ ఇచ్చిన టేపు ముప్పై మీటర్లది,
మొదటి తొమ్మిది సెంటీమీటర్లు ఎవరో తెంపుకపోయిండ్రు.
ఏది కొలిచినా తొమ్మిది తీసెయ్యాలె.
నారాయణపేటల నేను నేర్చిన మొదటి లెక్క అదే.

సరాఫ్ బజార్ మలుపు కాడ
దర్వాజ మీద చిలుకలు చెక్కిన ఇల్లు.
రెండు చిలుకలకు ముక్కుల్లేవు, మూడోదానికి
కేబుల్ వైరు చుట్టి ఉన్నది.
గోడకు ఎర్ర రంగు బాణం, పక్కన పదకొండు.
అంటే పదకొండు అడుగులు లోపలికి రోడ్డొస్తది.
ఆ పదకొండు అడుగులు పోయేలోపు
కాయితం మీదికి ఎక్కించుడు నా పని.

ఫారంల పద్నాలుగు గడులు:
ఇంటి నంబరు, యజమాని, సుమారు వయసు,
పైకప్పు, పగుళ్లు, గ్రేడు.
ఏ అయితే ఇల్లు నిలుస్తది.
బీ అయితే ఫైలు నిలుస్తది.
సీ అయితే ఫోటో.

కిరాయికి ఉన్న నింగమ్మ
మగ్గం గుంతల నుంచి లేవకనే అడిగింది:
"కొలుస్తున్నవు గదా, కూలగొడ్తరా, సున్నమేపిస్తరా?"
"తెల్వదమ్మా, నేను చదువుకునే పిల్లను."
"ఈ ఇంటి లెక్క రాసెటోళ్లంతా చదువుకునే పిల్లలే.
పోయినేడు ఒకామె వచ్చింది. నీళ్లు తాగుతవా?"

మూడో వారం సార్ పంపితే వచ్చిండు మొగులప్ప.
డెబ్బై ఏండ్లు, ఒక కంట్ల పువ్వు.
పూన, సోలాపూర్, బొంబాయి.
"పాలమూరోళ్లం గదా, మా ఊళ్లె తప్ప అంతట కట్టినం."
గూడు కింద గచ్చును గోటితోని గీకి
పెసరగింజంత నాలుక మీద వేసుకున్నడు.
కండ్లు మూసిండు.
నేను పగులు కొలిచే స్కేలు పట్టుకొని నిలబడ్డ.

"బెల్లం పడ్డది. కరక్కాయ నీళ్లు పడ్డయి.
గానుగ సరింగ తిరగలే. ఎద్దుకు కాలు నొచ్చిందో,
తోలెటోనికి జరమొచ్చిందో.
ఒక్క దినం పని ఇది. పక్క మూర చూడు, మంచిగుంది."

నేను గూడ వేసుకున్న.
దుమ్ము తగిలింది. తర్వాత చల్లదనం.
తర్వాత ఏదో,
చిన్నప్పుడు గోడకు ఆనుకొని పండిన ఎండకాలం మధ్యాన్నం?
కాదు, ఊరికే అనిపించింది. రాయను.
బెల్లం మాత్రం తగల్లే.
"తగలదు," అన్నడు. "ఎప్పుడో సున్నమైపోయింది.
అది పోయిన జాగ తగులుతది నాకు."

ఆ రాత్రి లాడ్జిల ట్యూబులైటు కింద
పద్నాలుగో గడి, రిమార్కులు, రెండు గీతల జాగ:
ఉత్తరపు గోడ, నాలుగో మూర. ఆ దినం ఎద్దు కుంటింది.
తెల్లారి సార్ ఎర్ర పెన్ను: ఆధారం?
మొగులప్ప నాలుక అని రాయొచ్చునా?
మౌఖికం అని రాసిన.
చెప్తే మొగులప్ప నవ్విండు, నాలుగు పండ్లు కనపడ్డయి.
"మౌఖికమంటే నోరేనా? అయితే సరే."

గ్రేడు గడి ఆఖరు దాంక ఖాళీ పెట్టిన.
ఈ ఇల్లు ఏ కాదు. మిద్దె మీద రేకులేసిండ్రు,
ముందరి స్తంభాలల్ల ఒకటి సిమెంటుది, పచ్చరంగు గూడ.
ఏ అని రాస్తే ఎవరు వచ్చి చూస్తరు?
చెయ్యి అక్కడిదాంక పోయి ఆగింది.
టేపు తొమ్మిది సెంటీమీటర్లు అబద్ధమాడుతది,
ప్రతిసారీ అంతే ఆడుతది, తీసేస్తే సరిపోతది.
నేనాడితే ఎంత తీసెయ్యాలెనో
నా తర్వాత వచ్చే పిల్లకు ఎట్ల తెలుస్తది?

బీ రాసిన.

పోయే దినం నింగమ్మ దగ్గర చీర సగమైంది.
"ఇది తెగేదాంక ఆగుతరా బిడ్డా, రోడ్డోళ్లు?
ఎంత పడుగు మిగిలిందో కొలిచి చెప్పు."
టేపు పట్టిన.
"మూడు మీటర్ల నలభై," అన్న.
తొమ్మిది తీసెయ్య బుద్ధి కాలే.

నింగమ్మ చెయ్యి చాపి మూర మీద మూర వేసుకుంట పోయింది.
కొసకు వచ్చి నా దిక్కు చూసింది.
"ఐదు వేళ్లు ఎక్కువ జెప్పినవ్."